కారణం: గుర్రపుడెక్క

మాణిక్యం అరచేతిని పలక మీద ఆన్చి అంకెలు చూస్తూ కూర్చుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గర అంకె ఎర్రబడి మళ్ళీ సున్నాకు జారిపోయింది. పలక అంచున ఎప్పటి మాటే వచ్చింది: "తొట్రు. మూడు నిమిషాలు ఆగండి."

పొద్దున్నుంచి ఇది ఆరోసారి. ఆమె పళ్ళు కొరికింది. పళ్ళు కొరికినందుకు, ఆమె ఎంత కుదురుగా ఉందో కొలిచే నెమ్మది అంకె తొంభై ఒకటి నుంచి ఎనభై తొమ్మిదికి దిగింది. కోపం తెచ్చుకునే హక్కు కూడా లేని ఉద్యోగం ఇది.

లేవాల్సిన పదిహేడో తలుపు ముప్ఫై రెండు కిలోమీటర్ల దూరంలో, వేములదిన్నె లాకు దగ్గర ఉంది. మాణిక్యం తణుకులో, నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో, హాలు మూలన మౌనరేఖ లోపల ఉంది. కాలవలో ఎంత నీరుంది, ఏ తలుపు ఎన్ని అంగుళాలు లేవాలి అన్నది డెల్టా కాలవలను నడిపే యంత్రబుద్ధి, ధార, లెక్కగడుతుంది. అయితే మనిషి చెయ్యి ఏడు సెకన్లు ఆనితేగాని ఏ తలుపూ కదలకూడదని చట్టం. ఆ చెయ్యి లస్కరుది. పూర్వం లస్కర్లు గొడుగు వేసుకుని గట్టు మీద తిరిగేవారట. ఇప్పుడు డెల్టాలో ఉన్న నాలుగువందల పన్నెండు మంది లస్కర్లూ ఇళ్ళలోనే కూర్చుని, వాన చుక్క మీద పడకుండా, బుర్ర వేడెక్కించుకుంటున్నారు.

మౌనరేఖ వచ్చి ఏడాదైంది. నేల మీద చాక్‌పీసుతో గీసినట్టు సన్నగా మెరిసే గీత అది. అవతల కుక్కరు కూసినా, మిక్సీ తిరిగినా ఇవతలికి వినపడదు. అత్తగారు నోరు కదుపుతూ ఉంటే తొట్టిలో చేపను చూసినట్టుంటుంది. కొన్న కొత్తలో మాణిక్యం ఆ గీతకు దణ్ణం పెట్టుకుంది. తర్వాత తెలిసింది, అది మాటను ఆపుతుంది గాని మనిషిని ఆపదని.

అదిగో, మనిషి రానే వచ్చింది. అత్తగారు హర్షిత గారికి అరవై ఎనిమిదేళ్ళు. ఆవిడ కాలంలో అందరివీ ఇలాంటి ముసలి పేర్లే. మాణిక్యాలూ చిట్టెమ్మలూ మళ్ళీ మోజుకొచ్చింది తర్వాత. చేతిలో గరిటెతో గీత దాటి పలకకూ కోడలికీ మధ్య నిలబడింది.

"అమ్మాయ్, కందిపొడిలో వెల్లుల్లి వెయ్యనా వద్దా?"

"మీ ఇష్టం అత్తయ్యగారూ."

"నా ఇష్టమైతే నిన్నెందుకడుగుతానే? కిందటిసారి వేస్తే వాడు ముక్కు ముడిచేడు."

"అయితే వెయ్యకండి."

"వెయ్యకపోతే నువ్వు ముట్టుకోవుగా."

"వేసెయ్యండి! రెండు రకాలూ చెయ్యండి! నాకు నీళ్ళు గట్టు దాకా వచ్చేశాయి ఇక్కడ!"

"అయ్యో, పొడి సంగతి అడిగితే మీద పడతావేంటే," అని ఆవిడ గరిటె ఊపుకుంటూ వెళ్ళిపోయింది. నెమ్మది అంకె ఎనభై రెండు.

ఈ అంకె అరవై దాటి కిందికి పోయినా, ఇంటి రొద వల్ల ఒక్క తలుపు ఆలస్యమైనా ఇంటిమచ్చ పడుతుంది. ఆ రొదను తూచడానికి గోడల్లో ధారకు నాలుగు చెవులు అమర్చి ఉన్నాయి. మౌనరేఖ మాణిక్యం చెవులకే గాని వాటికి అడ్డం కాదు. ఆమెకు ఇప్పటికే రెండు మచ్చలు. ఒకటి కూతురు చిట్టెమ్మ పుట్టినరోజున, రెండోది ఇంటికి బంధువులు దిగినప్పుడు. మూడోది పడితే ఇంటికొలువు పోయి గూటికొలువు. విశాఖలో కొండ మీద అరవై గూళ్ళున్నాయి. ఆరు నెలలు, ఒక్కో గూట్లో ఒక్కో మనిషి. ఈ ఏడాది మచ్చల లెక్క ఈ సాయంత్రంతో ముగుస్తుంది, రేపటి నుంచి సున్నా. ఈ ఒక్కరోజు గట్టెక్కితే చాలు.

నిజం చెప్పాలంటే, నెలకు నాలుగు రోజులైనా ఆ గూడు ఆమెకు స్వర్గంలా కనిపించేది. తలుపు వేసుకుంటే తోసుకొచ్చేవాళ్ళు లేని గది! వెల్లుల్లి ఊసు లేని పొద్దు! కానీ బల్ల కింద ఆరేళ్ళ చిట్టెమ్మ కూర్చుని ఉంది. తెర మీది బడికి సెలవిస్తే పిల్ల చేరేది అక్కడికే. అమ్మ పాదం ఒళ్ళో పెట్టుకుని, కాలిపట్టీకి రిబ్బన్లు కట్టుకుంటూ, తనలో తను కథలు చెప్పుకుంటుంది. ఆ పాదం ఆరు నెలలు లేకపోతే పిల్ల ఏం చేస్తుందో మాణిక్యం ఊహించుకోలేదు. ఊహించుకోవాలంటేనే ఆమెకు భయం.

మూడు నిమిషాలు అయ్యాయి. చెయ్యి ఆన్చింది. ఒకటి, రెండు. ఎరుపు. "తొట్రు."

తొట్రు కొత్తదేమీ కాదు. వారానికి ఆరేడుసార్లు డెల్టాలో ఎవరో ఒకరికి వచ్చేదే. ఎందుకొస్తుందో ఇంజినీర్లకే అంతు చిక్కలేదు. మూడు నిమిషాలు ఆగితే పోయేది. ఇలా వరసగా ఏడుసార్లు రావడం మాత్రం ఆమె తొమ్మిదేళ్ళ కొలువులో చూడలేదు.

లాకు దగ్గరి కెమెరా కన్ను వేములదిన్నె గట్టును చూపిస్తోంది. పైన రాత్రంతా వాన కొట్టింది. గట్టు అంచుకు నీరు ఆరు అంగుళాల దూరంలో ఉంది. తలుపు లేస్తే నీరు మురుగు కాలవలోకి పోతుంది. లేవకపోతే గట్టు దాటి పక్క పొలంలోకి దిగుతుంది. వరినాట్లు ఊడ్చి పది రోజులు కాని పొలం అది. ఒకతను పార పట్టుకుని గట్టు మీద మట్టి వేస్తున్నాడు. భార్య ఇసుక బస్తా ఈడ్చుకొస్తోంది. మధ్యమధ్య అతను నడుం నిటారు చేసుకుని తలుపు వైపు చూస్తున్నాడు.

పలకలో లాకు సూపర్నెంటు యశ్వంత్ గారి గొంతు పలికింది. పదవీ విరమణకు ఏడాది దూరంలో ఉన్న పెద్దమనిషి, ఎవరినీ ఒక మాట అనలేని మెతక మనిషి.

"ఏమ్మా మాణిక్యం, పదిహేడు ఇంకా లేవలేదేంటి?"

"తొట్రండీ. ఏడోసారి."

"అడ్డం ఏమన్నా పడిందా?"

"లేదండీ. కన్ను శుభ్రంగానే చూపిస్తోంది. పక్క లస్కరుకి మార్చేద్దామా?"

"చెయ్యి మార్చాలంటే గంట పడుతుందమ్మా. గంటలో అక్కడ చేను ఉండదు. పెడుతూనే ఉండు."

ఎనిమిదోసారి, తొమ్మిదోసారి. నీరు నాలుగు అంగుళాలకు వచ్చింది. మౌనరేఖ అవతల వంటింట్లోంచి పొగ వస్తోంది. పడగ్గది తలుపు తెరుచుకుని మొగుడు గవర్రాజు బయటికొచ్చి, చేతులు గాల్లో తిప్పుతూ నోరు పెద్దగా తెరిచి ఫోనులో ఏదో అంటున్నాడు. అతను రొయ్యల చెరువుల వైద్యుడు. చెరువు ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా అరవాలని అతని నమ్మకం. మాణిక్యానికి ఒళ్ళు మండిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా వీళ్ళందరూ ఇవాళే దొరికారు. మచ్చ పడితే పడనీ, ముందు వీళ్ళను ఒక్క దులుపు దులిపితేగాని తన చెయ్యి కుదురుగా నిలవదనుకుంది. ఎడమచేత్తో మౌనరేఖను ఆర్పేసింది.

ఒక్కసారిగా ఇల్లు మీద పడింది. కుక్కరు కూత, మిక్సీ మోత, "ఏరేటర్లు వెయ్యండయ్యా, ముందు ఏరేటర్లు వెయ్యండి!" అని గవర్రాజు కేకలు. వాటన్నిటితో పాటు ఎండుమిరపకాయలు వేగుతున్న ఘాటు. కుడిచెయ్యి పలక మీదే ఉంది. మూడు, నాలుగు, ఐదు. తిట్టడానికి ఆమె నోరు తెరిచింది.

"హాచ్!" అని వంటింట్లోంచి అత్తగారు తుమ్మింది.

ఐదు ఎర్రబడింది. సున్నా. "తొట్రు. మూడు నిమిషాలు ఆగండి."

"ఆగవే అమ్మాయ్!" హర్షిత గారు అక్కడి నుంచే కేకేసింది. "ఒంటి తుమ్ము. ఇన్ని మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని అప్పుడు పెట్టు చెయ్యి."

మాణిక్యం తిట్టు మరిచి పలక వైపు తిరిగింది. ఇన్ని మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని. దానికెంత పడుతుంది? మూడు నిమిషాలు పడుతుంది. ఇన్నాళ్ళుగా అందరూ చూస్తున్న మూడు నిమిషాలు, ఏ ఇంజినీరుకూ లెక్క తేలని మూడు నిమిషాలు.

అంతలో బల్ల కింద చిట్టెమ్మకు ఘాటు తగిలింది. పిల్ల చిన్నగా తుమ్మింది. పలక మీది ఎరుపు, గడువు తీరకుండానే, తుడిచేసినట్టు పోయి పచ్చబడింది.

"చూసేవా, జంట తుమ్ము అయిపోయింది. ఇంక పెట్టుకో," అంది అత్తగారు.

మాణిక్యానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మౌనరేఖ లేని ఆ ఎనిమిదేళ్ళూ ఆమె ఈ హాల్లోనే, ఈ అరుపుల మధ్యే తలుపులు లేపింది. అత్తగారు ఒంటిగా తుమ్మి "ఆగవే" అన్నప్పుడల్లా చెయ్యి తీసి, నీళ్ళు తాగి, మళ్ళీ పెట్టేది. శకునాల మీద ఆమెకు నమ్మకం ఇసుమంత కూడా లేదు. ఆగకపోతే మాత్రం సాయంత్రం దాకా ఆవిడ ముఖం మాడ్చుకునేది, అన్నం దగ్గర అలక, మర్నాటికి ఆడపడుచు నుంచి ఫోను. ఆగితే మూడు నిమిషాల్లో పోయేది. ఎవరు పడతారా పోరు? ఆమె ఒక్కతే కాదు, నాలుగువందల పన్నెండు ఇళ్ళలో నాలుగువందల పన్నెండు మంది ఇదే లెక్క వేసుకుని ఉంటారు. ధార వాళ్ళ చేతులను చూసే ఒరవడి దిద్దుకుంది. దానికి అత్తగార్లు తెలియరు, అలకలు తెలియవు. తుమ్ము వినపడగానే అనుభవమున్న చేతులన్నీ వెనక్కి వెళ్తున్నాయంటే తుమ్ముకూ నీటికీ ఏదో సంబంధం ఉందనుకుంది. చదువుకున్న మొద్దు!

నీరు మూడు అంగుళాలకు వచ్చింది. ఆలోచనలకు టైం లేదు.

"అత్తయ్యగారూ, పొయ్యి కట్టేసి ఇలా రండి! తుమ్ము వచ్చిందా, వెంటనే ఇంకోటి తుమ్మాలి మీరు!"

"తుమ్ము అడిగితే వస్తుందేంటే, పిచ్చిదానా?"

"రప్పించండి! కొంగు కొస ముక్కులో పెట్టుకోండి! ఏవండీ, మీ రొయ్యలని కాసేపు వాటి ఖర్మకి వదిలేసి ఇటు రండి!"

ఆమె గొంతులో ఏముందో గాని, గవర్రాజు చెరువును వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఏమిటి, ఎందుకు అని అడగకుండానే కండువా కొస మెలిపెట్టుకున్నాడు. పొయ్యి ఆరినా ఘాటు ఆరలేదు. మాణిక్యం చెయ్యి ఆన్చింది. మూడు దగ్గర అత్తగారు తుమ్మింది. ఎరుపు. గవర్రాజు ముక్కులో కండువా తిప్పుకుని, ముఖం అష్టవంకర్లు పోయి, అద్దాలు అదిరేలా తుమ్మాడు. పచ్చ. మళ్ళీ ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఈసారి చిట్టెమ్మ. ఎరుపు. "నాకు రావట్లేదే!" అని అత్తగారు కొంగుతో కుస్తీ పడుతోంది. "నానమ్మా, తొందరగా!" అని పిల్ల గంతులేస్తోంది. వచ్చింది, ఎట్టకేలకు. పచ్చ. మళ్ళీ ఒకటి నుంచి. ఐదు, ఆరు అనుకునేలోగా ఇల్లంతా ముక్కులు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కళ్ళలో నీళ్ళతో నిలబడింది. ఏడు.

కన్నులో తలుపు కదిలింది. నురగతో నీరు మురుగు కాలవ వైపు తిరిగింది. గట్టు మీది మనిషి పార కింద పెట్టాడు. తలుపు మీది కన్నును దేవుడనుకున్నాడో, దాని వెనక మనిషి ఉందనుకున్నాడో గాని, రెండు చేతులూ జోడించి నమస్కారం చేశాడు. మాణిక్యానికి సిగ్గేసింది.

"లేచిందమ్మా, లేచింది!" యశ్వంత్ గారి గొంతు తేలికపడింది. "నలభై ఒక్క నిమిషాలు ఆలస్యం. కారణం రాసెయ్. గుర్రపుడెక్క అని రాయమ్మా."

తొట్రు వచ్చినప్పుడల్లా డెల్టాలో అందరూ రాసేది అదే. గుర్రపుడెక్క అడ్డుపడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాపం ఆ నీటి మొక్క మీద ఏళ్ళ తరబడి నిందలున్నాయి. కారణం రాయకపోతే గోడ చెవులు విన్నవి తవ్వుతారు, మచ్చ వేస్తారు. గుర్రపుడెక్క అంటే ఎవరూ ఏమీ అడగరు. కన్ను శుభ్రంగా ఉన్నా సరే.

"అండీ, అది గుర్రపుడెక్క కాదండీ," అంది మాణిక్యం.

"కాదని నాకూ తెలుసమ్మా. నీకు రెండు మచ్చలున్నాయి. సాయంత్రం దాకా ఓపిక పడితే రేపటికి సున్నా. రాసెయ్."

ఆమె కలం పట్టుకుని కూర్చుంది. గు అని రాసి ఆపింది. సాయంత్రానికి పైనుంచి ఇంతకు రెట్టింపు నీరు దిగుతుంది. ఇది శ్రావణం. ఏ ఇంట్లో జలుబు లేదు? ఎక్కడో ఎవరి మామగారో పడిశంతో ఉంటారు. అక్కడి లస్కరు మౌనరేఖ లోపల ఏమీ వినపడకుండా కూర్చుని, మూడేసి నిమిషాలు నిరీక్షిస్తూ ఉంటుంది. గట్టు మీద ఇంకొకడు పార పట్టుకుని నిలబడతాడు. వాడి చేను మునిగాక కూడా కారణం గుర్రపుడెక్కే.

కాలికి ఏదో బిగుసుకుంది. చిట్టెమ్మ మళ్ళీ బల్ల కిందికి చేరి రిబ్బను ముడి వేస్తోంది. ఒక్క మాట, ఒక్క అబద్ధం. అందరూ రాసేదే. తను రాస్తే ఎవరు కాదంటారు? ఆమె కళ్ళు తుడుచుకుని, రాసిన గు కొట్టేసి, గబగబా రాసింది, మళ్ళీ ఆలోచిస్తే రాయలేనని తెలుసు గనుక.

"కారణం: మా అత్తగారి తుమ్ము. ఒంటి తుమ్ముకు నేను ఎనిమిదేళ్ళ పాటు చెయ్యి తీశాను. నమ్మి కాదు, ఇంట్లో పోరు పడలేక. ధార నన్ను చూసి నేర్చుకుంది. ఇంతకుముందు నేను గుర్రపుడెక్క అని రాసినవన్నీ అబద్ధాలు."

మచ్చ పడటానికి నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. నెమ్మది అంకె ఉన్నచోట గీత మిగిలింది. "గూటికొలువు: విశాఖ. సోమవారం హాజరు కావాలి." మాణిక్యం ఆ అక్షరాలను చదివి, బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, పిల్ల తల మీద పెట్టింది.

దాని కింద, ఇంతకుముందు ఎప్పుడూ చూడని వాక్యం ఒకటి వచ్చింది. నాలుగువందల పన్నెండు పలకల మీద ఒక్కసారే వచ్చింది: "గుర్రపుడెక్క నమోదులు 2,917. వాటిలో తుమ్ము వినపడినవి 2,260. మీ చెయ్యి తుమ్ముకు ఆగిందా? అవును. కాదు."

ప్రతి ఇంట్లోనూ ఒక లస్కరు గీత అవతలి మనుషులను చూస్తూ కూర్చుని ఉంటుంది. తర్వాత పాలకొల్లు నుంచి ఒక "అవును" వచ్చింది. నరసాపురం నుంచి రెండు. ఆకివీడులో ఎవరో అవును అని ఊరుకోక, "మంగళవారం మొదటి తలుపు కూడా కావాలనే ఆలస్యం చేస్తాను, మా అమ్మ కోసం" అని రాశారు. "మా ఆయన ఎక్కడికి అని అడిగితే ఆగుతాను." "పిల్లి." "రాహుకాలం, మా మావయ్యగారు గడియారం పట్టుకుని కూర్చుంటారు." ఇళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి నోరు విప్పాయి. ధార అంకెలు నెమ్మదించాయి. లెక్కలన్నీ పక్కన పెట్టి అది ఆ జవాబులను చదువుతున్నట్టుంది.

"ఎంత పని చేశావమ్మా," అన్నారు యశ్వంత్ గారు. కోపం లేదు ఆ గొంతులో, నీరసం ఉంది. "ఇప్పటికి మూడువందల ఎనిమిది అవునులు. అందరికీ మూడుకి మించి మచ్చలే. ఉన్నవి అరవై గూళ్ళు. అందరినీ గూళ్ళకి పంపితే తలుపులెవరు లేపుతారు? పైవాళ్ళు ఉత్తర్వులన్నీ ఆపమన్నారు. నీది కూడా. ఎన్నాళ్ళో నాకు తెలీదు." ఆయన గొంతు తగ్గించారు. "మూడువందల తొమ్మిదోది నాదే, నేను లస్కరుగా ఉన్ననాటిది. మా ఇంట్లో బల్లి."

హర్షిత గారు ఈలోగా కోడలి భుజం మీంచి పలక మీది నమోదు చదివేసింది.

"నా తుమ్మని రాశావా? ఊరందరికీ తెలిసేటట్టు?"

"నిజమేగా అత్తయ్యగారూ."

"పోరు పడలేక అంటే ఏంటే? నేను పోరు పెడతానా నీకు?"

మాణిక్యం జవాబు చెప్పేలోగా పద్దెనిమిదో తలుపు పిలిచింది. దిగువ లాకు. నీరు అక్కడికి చేరుతోంది. ఆమె చెయ్యి ఆన్చింది. మౌనరేఖను వెలిగించలేదు. ఒకటి, రెండు. మిరపఘాటు ఇంకా ఇంట్లోనే ఉంది. మూడు దగ్గర అత్తగారు, ఆపుకోలేక, తుమ్మింది. ఒక్కటే.

అంకె మూడు దగ్గర నిలిచింది. ఎర్రబడలేదు. దాని పక్కన, జన్మలో మొదటిసారి, ధార అడిగింది: "ఆగమంటారా?"

"ఆగవే," అంది హర్షిత గారు, అలవాటుగా.

గవర్రాజు భార్య వైపు చూశాడు. తుమ్ము వినగానే ఎనిమిదేళ్ళ పాటు ఆమె చెయ్యి ఎటు వెళ్ళిందో ఆ కండరాలన్నిటికీ గుర్తుంది. నీళ్ళ గ్లాసు పక్కనే ఉంది.

"ఆగనండి," అంది మాణిక్యం.

"ఏమన్నావ్?"

"ఆగనన్నాను అత్తయ్యగారూ. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ ఆగను."

"చూసేవురా గవర్రాజూ, నీ పెళ్ళాం నోరు! పెద్దముండని, మంచికి చెప్తే..."

నాలుగు.

"మంచికో చెడ్డకో, అవతల చేలున్నాయండీ!"

"చేలు నాకు తెలీదా? మా పుట్టింటోళ్ళకి లేవా చేలు?"

ఐదు. చిట్టెమ్మ బల్ల కింద చెవులు మూసుకుంది. గవర్రాజుకు తన రొయ్యలు హఠాత్తుగా గుర్తొచ్చాయి. ఆరు. అత్తగారు ఆడపడుచుకు ఫోను చేయడానికి వెళ్తోంది, చేస్తానని గట్టిగా చెప్పి మరీ వెళ్తోంది. మాణిక్యం చెయ్యి పలక మీంచి లేవలేదు.

ఏడు. అవతల పద్దెనిమిదో తలుపు లేచింది. ఇవతల పోరు ఇంకా నడుస్తూనే ఉంది.